సద్దిమూట పంతులు

పొద్దుటి షిఫ్టుకు బొగ్గుబాయి దిగడానికి మొగిలి వరుసలో నిలబడి ఉండగా, ఎవరో ముసలాయన వచ్చి పక్కనున్న ఖాళీ బొగ్గుటబ్బు మీద సుద్దముక్కతో ఏదో గీకాడు.

"ఇదేందో చెప్పు కొడుకా."

"గీతలు," అన్నాడు మొగిలి.

"ఆఖరు దాన్ని చూడు. కట్టె కొసకు సద్దిమూట కట్టినట్టు లేదా?"

నిజమే. నిలువుగా కట్టె, దాని కొసకు మూట.

"దాన్ని పి అంటరు. మొత్తం మాట స్టాప్. అంటే ఆగు."

"ఆగితే సర్దార్ ఊకుంటడా తాతా?"

వరుసంతా గొల్లున నవ్వింది. ముసలాయన మాత్రం నవ్వలేదు.

గోదావరిఖని అప్పుడప్పుడే పుడుతున్న ఊరు. నాగలి వదిలి తట్ట పట్టినవాళ్ళే అందరూ. బాయి లోపల కప్పు పెళుసుగా ఉన్న దారికి అడ్డంగా రెండు దుంగలు కొట్టి, మధ్యలో ఒక ఇంగ్లీషు పలక బిగించేవారు. చదివేదెవరు? మనవాళ్ళు ఆ పలక మేకుకు సద్దిగిన్నెలు తగిలించుకునేవారు. కంపెనీ మంచి కొక్కెం పెట్టించిందని మెచ్చుకున్నవాళ్ళు కూడా ఉన్నారు!

ముసలాయన రోజూ వచ్చేవాడు. రోజూ అవే ఆరు మాటలు, బాయిలో పలకల మీద ఉండేవి. స్టాప్, ప్రాప్, డిప్, సంప్, పంప్, ల్యాంప్. అన్నిటికీ చివర సద్దిమూటే.

"తోక దొరికితే పాము దొరికినట్టే," అనేవాడు. "బాయిల యాడ సద్దిమూట కనవడ్డా ముందుగాల ఆగుర్రి. ఏ మాటో చూసినంకనే అడుగెయ్యిర్రి."

పిల్లాపెద్దా అందరికీ ఆయన సద్దిమూట పంతులైపోయాడు.

పని చేయించే సర్దార్ సదయ్యకు ఇది కంటగింపైంది. ఒకనాడు ఒంటికాలి మీద లేచాడు.

"ఏయ్ ముసలోడా! కంపెనీ టబ్బు మీద ఎవని హుకుంతోని రాస్తున్నవ్?"

"టబ్బు కంపెనీదే. నేల ఎవనిది?"

అక్కడే చతికిలబడి, దుమ్ములో వేలితో రాయడం మొదలుపెట్టాడు. సదయ్య కాలితో చెరిపాడు. ఆయన మళ్ళీ రాశాడు. సదయ్య మళ్ళీ చెరిపాడు. మూడోసారి రాస్తుంటే సదయ్యకే విసుగొచ్చి వెళ్ళిపోయాడు. మొండివాడు రాజుకన్నా బలవంతుడని ఊరికే అన్నారా!

ఎండాకాలం వచ్చింది. ఒక పూట బాయిలో సదయ్య మొగిలిని పిలిచాడు.

"దుంగల అవతల బొగ్గు పడున్నది. జల్ది టబ్బు నింపు."

మొగిలి దుంగల దాకా వెళ్ళాడు. పలక మీది గిన్నె పక్కకు జరిపాడు. టోపీ దీపం వెలుగులో సద్దిమూట కనబడింది. మాట చివరి నుంచి ఒక్కో అక్షరం కూడబలుక్కున్నాడు.

"నేను పోను."

"ఏందిరా?"

"స్టాప్ అని రాసున్నది. నేను పోను, ఎవల్నీ పోనియ్య."

"నీకు సదువెప్పుడొచ్చిందిరా?"

"ఆరు మాటలొచ్చు. వాటిల్ల ఇదొకటి."

మర్నాడు చేతిలో చార్జిషీటు పడింది. పని ఎగ్గొట్టాడట, తెచ్చిన జవాను చెప్పాడు. మూడు రోజుల్లో జవాబివ్వకపోతే ఉద్యోగం పోతుంది. ఊళ్ళో ఉన్న కాస్త చెలకభూమి అన్నలు పంచుకున్నారు. భార్య సారవ్వకు నెలలు నిండాయి.

కాగితం పట్టుకుని ముసలాయన దగ్గరికి పరుగెత్తాడు.

"తాతా, ఇది సదివి జవాబు రాయి."

ముసలాయన కాగితం అందుకున్నాడు. చాలాసేపు చూశాడు.

"నాతోని కాదు కొడుకా."

"ఎందుకు కాదు? నువ్వు నేర్పిన మాటకేగా ఇదొచ్చింది!"

ఆయన తల అడ్డంగా ఊపాడు.

మొగిలికి ఒళ్ళు మండింది. "మమ్ముల ఎగదోసుడొస్తది గని, కాయితం మీద రాయాల్నంటే భయమైతందా? థూ! మల్ల ఈ బాయి దిక్కు కనవడకు."

ముసలాయన కాగితం మడిచి ఇచ్చాడు. "నీ తప్పేం లేదు. నీకొచ్చిన మాటతోనే కొట్లాడు," అన్నాడు. అంతే.

మూడో రోజు మేనేజరు గదిలో విచారణ.

"అక్కడ పలక ఉందా, లేదా?" అడిగాడు మేనేజరు.

"ఉన్నది సార్," అన్నాడు సదయ్య. "గని వీనికి ఏ బీ సీ గూడ రాదు. సదివిండనుడు పచ్చి అబద్ధం."

మొగిలి మూలనున్న బొగ్గుపెళ్ళ తీసుకున్నాడు. తెల్లగా సున్నం వేసిన గోడ మీద, మేనేజరు కుర్చీ పక్కనే, ఆరు మాటలూ బెత్తెడేసి అక్షరాలతో రాశాడు.

"ఇదే నా జవాబు సారూ. నౌకరి తీసుకుంటే తీసుకోర్రి. పలక దాటుమంటే మాత్రం దాట."

మేనేజరు గోడ వంక చూశాడు, సదయ్య వంక చూశాడు, చార్జిషీటు నిలువునా చింపేశాడు.

బయట జనం మొగిలిని భుజాలకెత్తుకున్నారు. కానీ వాడికి లోపల ముల్లు గుచ్చుకుంటూనే ఉంది. కిందికి దూకి, ముసలాయన రోజూ పడుకునే సమ్మవ్వ చాయ్ హోటలుకు వెళ్ళాడు. అరుగు ఖాళీగా ఉంది.

"నిన్న పొద్దుటి బండికే పాయె," అంది సమ్మవ్వ. "గోదారి అవతల ఇంకో బాయి తెరిచిర్రట. గాడికి."

"నేను తిట్టిన అవ్వా. నోటికొచ్చినట్టు తిట్టిన. గని ఒక్క జవాబు రాసిస్తే ఆయన సొమ్మేం పోయేది?"

సమ్మవ్వ గ్లాసు కడగడం ఆపింది.

"ఆయనెట్ల రాస్తడు కొడుకా? ఒక్కగానొక్క కొడుకు గసోంటి పలకనే దాటి సచ్చిండు. దాని మీద ఏం రాసున్నదో సెప్పుర్రని అందరి కాళ్ళు పట్టుకుంటే, ఎవరో బాబు జాలివడి బాయిలుండే మాటలు ఆరు రాసిచ్చిండట. ఆర్నెల్లు దిద్దిండట ముసలోడు. గంతే కొడుకా, ఏడో మాట రాదు ఆయనకు."