గోరింక రాయబారం

ఆ అడవిలో మిగిలింది ఒక్క నీటిగుంట. దానికోసం దున్నలు, పందులు రోజూ కుమ్ములాడుకుని పిల్లల్ని పోగొట్టుకుంటున్నాయి. రెండు మందల వీపుల మీదా పిడుదులు ఏరుకు తినే గోరింక చూడలేక రాయబారానికి దిగింది.

"పొద్దున మీరు, సాయంత్రం మేము తాగుదామని పందులంటున్నాయి దొరా," అంది.

"మాట్లాడుకుందామని చెప్పు," అంది దున్నల దొర. అంతలోనే మందవైపు తిరిగి, "చుక్క నీరు కూడా వదలం," అని రంకె వేసింది.

"ఇందులో ఏది చెప్పమంటారు?"

"వాళ్ళకి అది, మనవాళ్ళకి ఇది."

వేసవంతా గోరింక అటూ ఇటూ ఎగిరింది. రెక్కలకన్నా నాలుకే ఎక్కువ అలిసిపోయింది. చివరికి ఒకనాడు దొర నెర్రెలిచ్చిన గుంట నడుమ నిలబడి, "చర్చలకి సిద్ధమని చెప్పిరా," అంది.

"చెప్తాను దొరా," అంది గోరింక నీరసంగా. "దేని గురించని అడిగితే ఏమనను?"