మంచినీటి పరీక్ష

“నాను వద్దంతన్నాను. ఇంక నీ ఇష్టం,” అన్నాడు వరహాలు, జలాశయం గట్టు మీద నీళ్లకు ఎడంగా తుండుగుడ్డ పరుచుకుని కూర్చుంటూ.

“నా ఇష్టమే అయ్యా. పదిహేనేళ్లుగా మన గొడవే అది,” అంది అతని కూతురు ఈశ్వరి, గాలి సిలిండరు పట్టీలు సరిచూసుకుంటూ.

సముద్రం ఒడ్డునున్న యారాడలో వరహాలుది పెద్ద పేరు. నలభై ఏళ్లు చేపలవేటలో పడవ మీద బతికిన మనిషి. ఆడది పడవెక్కితే గంగమ్మ తల్లికి కోపమొస్తుందని ఆయన పట్టు. పన్నెండేళ్లప్పుడు ఈశ్వరి దొంగచాటుగా పడవెక్కి కూర్చుంటే, ఒడ్డున నలుగురూ చూస్తుండగా జడ పట్టుకుని దించేశాడు. తోటి మగపిల్లలకు వాళ్ల తండ్రులు ఈత నేర్పుతుంటే, “ఆడపిల్లకి ఈతెందుకే” అని కొట్టిపారేశాడు. ఆ కసితోనే ఆమె ట్యూషనని చెప్పి, స్నేహితురాలి వెంట ఉక్కునగరం వెళ్లి అక్కడి కొలనులో ఈత నేర్చుకుంది. సముద్రం దగ్గరికి రానివ్వకపోతే లోకంలో నీళ్లే లేవా అనుకుని, ఊరికి దూరంగా ఉన్న ఈ జలాశయంలో సరదాకి వచ్చేవాళ్లను నీటి అడుగుకు తీసుకెళ్లి చూపించే స్కూబా క్లబ్బులో చేరింది. ఈరోజు ఆమెకు శిక్షకురాలి పరీక్ష. ఎన్నడూ నీటి అడుగుకు వెళ్లని మనిషిని ఒకరిని తీసుకెళ్లి, క్షేమంగా పైకి తేవాలి.

తీరా చూస్తే, రావలసిన ఆ మనిషి జ్వరమని ఫోన్ చేశాడు.

“ఇంకెవరైనా ఉన్నారా ఈశ్వరీ?” అన్నాడు పరీక్షకుడు కామరాజు వాచీ చూసుకుంటూ. “నేను సాయంత్రం రైలెక్కాలి. మళ్లీ వచ్చేది పై ఏడాదే.”

గట్టు మీదున్న వాళ్లంతా క్లబ్బువాళ్లు, ఎన్నోసార్లు మునిగొచ్చినవాళ్లే. ఈశ్వరికి ఏడుపు ముంచుకొచ్చింది. ఏడిస్తే అయ్య గెలిచినట్టేనని పళ్లు బిగించింది.

“గంగమ్మ తల్లే వద్దంతంది,” అన్నాడు వరహాలు. “అయినా దీన్నీ నీళ్లంతారేటి? మా యారాడోళ్లు కాళ్లు కడుక్కునే గుంట.”

ఈశ్వరి చివ్వున తిరిగింది. “అయితే నువ్వే రా అయ్యా. గుంటే కదా.”

అందరూ నవ్వారు. వరహాలు నీళ్ల వైపు చూశాడు, తర్వాత కూతురి మొహంలోకి చూశాడు.

“నాను రాకపోతే నీ పరీచ్చ పోద్దా?”

“పోద్ది. నీకు కావలసిందీ అదే కదా.”

ఆయన లేచి చొక్కా విప్పాడు.

కామరాజు ఫారం తీసి ఒక్కొక్కటే అడిగాడు. గుండెజబ్బు లేదు, ఆయాసం లేదు, బీపీ లేదు.

“ఈత వచ్చా బాబాయ్?”

“చేపపిల్లని అడిగినట్టుంది సార్,” అని ఈశ్వరే టిక్కు పెట్టేసింది. మళ్లీ నవ్వులు. వరహాలు కింద సంతకం చేశాడు.

తండ్రి నడుముకు సీసం దిమ్మలు కట్టబోతూ రెండు తీసి పక్కన పెట్టింది. “ఉప్పునీళ్లలో తేలినట్టు మంచినీళ్లలో తేలవయ్యా. ఇయ్యి సాలు.”

“తేలనా?”

“మునగడానికే కదా ఎల్తన్నాం. నోటితోనే గాలి పీల్చు. ఊపిరి బిగబట్టకు. ఈ ఒక్కసారికి నా మాట ఇను.”

“ఇంతాను,” అన్నాడు వరహాలు.

నీళ్లు ఆకుపచ్చగా, చల్లగా ఉన్నాయి. పరీక్ష చూడ్డానికి కామరాజు కాస్త ఎడంగా వెంటే దిగాడు. రెండు మీటర్లు దిగేసరికి ఆయన ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఎముకలు నలుగుతాయా అన్నంత గట్టిగా. చెయ్యి విరిచైనా తన పంతం నెగ్గించుకోవాలని చూస్తున్నాడనుకుంది ఈశ్వరి. ఆమెకూ పంతమొచ్చింది. ఇంకా కిందికి తీసుకెళ్లింది. అడుగున మోకాళ్లు ఆనాక, బాగున్నావా అని వేళ్లతో సైగ చేసింది. బాగున్నానని ఆయనా వేళ్లు కలిపి చూపించాడు. ఆ వేళ్లు వణుకుతున్నాయి. ముసలి ఒంటికి చలి కాబోలనుకుంది. ఆగమన్నచోట ఆగాడు, కదలమంటే కదిలాడు. పుట్టాక అయ్య తన మాట వినడం అదే మొదలని ఆమెకు గర్వంగా అనిపించింది.

పైకొచ్చాక కామరాజు అక్కడికక్కడే సంతకం పెట్టి చెయ్యి కలిపాడు. క్లబ్బువాళ్లు చప్పట్లు కొట్టారు.

“సూశావా అయ్యా?” పదిహేనేళ్ల కసి ఈశ్వరి గొంతులోకి వచ్చేసింది. “గంగమ్మకి కోపం రాలేదు. నీళ్లు మగోళ్ల సొత్తు కాదు. ఇప్పుడు సెప్పు, ఏటంతావో.”

వరహాలు గట్టు మీద కూర్చున్నా ఆమె మణికట్టు మాత్రం వదల్లేదు.

“వదులయ్యా. పరీచ్చ అయిపోనాది.”

ఆయన పక్కకు వంగి, ఎవరికీ వినపడకుండా ఆమె చెవిలో చెప్పాడు.

“నాకు ఈత రాదే, ఈశ్వరీ.”