పైపు తెచ్చిన పెద్దాయన

రంగు కొట్టే మిషన్ పైపు నడుమ పుండులా ఉబ్బి, అందులోంచి సన్నగా తెల్లరంగు చిమ్మింది.

"సైకిల్ ట్యూబు చుడత అక్క. ఊర్ల పత్తికి మందు కొట్టే పంపుకు గట్లనే చుట్టేటోళ్లం గద" అంటూ శ్రీను చెయ్యి చాపాడు.

స్వరూప తమ్ముడి చెయ్యి లాగేసింది.

"గిది చేన్ల పంపు కాదురా. దీని ప్రెషర్‌కు రంగు తోలు చీల్చుకొని లోపటికి పోతది."

మిషన్ ఆపింది. స్ప్రే గన్ను బకెట్లోకి నొక్కి పట్టి, పైపులో మిగిలిన ప్రెషరంతా వదిలేసింది.

అశోక్‌నగర్‌లో అది సర్కారు ఉద్యోగాల పరీక్షలకు పిల్లలు చదువుకునే హాలు. పాలమూరు నుంచి వచ్చి, ఏళ్ల తరబడి మేస్త్రీల కింద చేసిన స్వరూప తన పేరు మీద పట్టిన మొదటి పని. ఒక్కరోజులో అయిపోవాలన్న షరతు మీద ఇచ్చాడు యజమాని క్రాంతికుమార్.

"పైపు సంగతి నాకు తెల్వదు. రేపు పొద్దుగాల పిల్లలు ఈడ కూసోవాలె. నీతోని కాకుంటే నా ఏర్పాటు నేను చేసుకుంట" అని, మిషన్ ఆగింది చూసి వచ్చిన ఆయన స్కూటర్ ఎక్కి వెళ్లిపోయాడు.

మిషన్ కిరాయికిచ్చిన ముషీరాబాద్ దుకాణానికి ఫోన్ చేస్తే, వేరే పైపు లేదు, రాణిగంజ్‌లో కొనుక్కోమన్నారు. శ్రీనుకు పట్నం దారులు తెలియవు. తను పోతే మూలల్లో బ్రష్ పని ఆగిపోతుంది.

కొంతసేపటికి గేటు దగ్గర ఒక పెద్దాయన సైకిల్ ఆపాడు.

"ఏందమ్మా, ఆగిపోయిందా?"

"పైపు పాయె పెద్దయ్యా. ఇయ్యాల కాకుంటే నా పని పాయె. ఇగ నాకెవరిస్తరు?"

ఆయన గోడ వైపు చూశాడు. ఆమె వైపు చూశాడు. లోపలికి పెట్టబోయిన కాలు వెనక్కి తీసుకున్నాడు.

"పాత పైపు ఇయ్యి బిడ్డ. చూపిచ్చి అసొంటిదే తెస్త."

"ఎవరో ఏమో అక్క. పైసలు పట్టుకొని అటే పోతే?" శ్రీను గుసగుసలాడాడు.

"తెచ్చినంకనే ఇయ్యి నాయినా. నా చెవులు ఇంక మంచిగనే పనిజేస్తున్నయి."

శ్రీను తల దించుకున్నాడు.

పైపు భుజానికి చుట్టుకుని ఆయన మలుపు తిరిగేదాకా స్వరూప చూస్తూ నిలబడింది. అలా వెళ్లి మళ్లీ రానివాళ్లను ఆమె చాలామందినే చూసింది.

మూలల్లో బ్రష్ ఆడిస్తోందన్న మాటే గాని, చూపంతా గేటు మీదే.

ఎండ నెత్తికెక్కాక సైకిల్ గంట మోగింది.

"కవాడిగూడ కాడ చైను ఊడింది. లేకుంటే ఎప్పుడో వచ్చేటోన్ని" అంటూ చెమట తుడుచుకున్నాడు.

పాత పైపు మీద ఉన్న ప్రెషర్ అంకే కొత్తదాని మీదా ఉందో లేదో స్వరూప చూసుకుంది. పానాలు పట్టి రెండు కొసలూ బిగించింది. మిషన్ వేసి, చెయ్యి పెట్టకుండా అట్టముక్క అడ్డం పెట్టి చూసింది.

అట్ట మీద చుక్క పడలేదు.

గన్ను నొక్కగానే గోడ మీద రంగు మంచులా పరుచుకుంది.

"కొట్టు అక్కా. ఇగ ఆపకు" అంటూ శ్రీను ఈల వేశాడు.

"మంచిగ పడుతున్నది బిడ్డ. ఇయ్యాలనే అయిపోతది" అన్నాడు పెద్దాయన, శ్రీను ఇచ్చిన పైపు డబ్బులు జేబులో పెట్టుకుంటూ.

"చాయ్ తాగి పో పెద్దయ్యా."

మిషన్ మోతలో ఆయన ఏమన్నాడో వినబడలేదు. ఆమె తిరిగి చూసేసరికి గేటు దగ్గర సైకిల్ లేదు.

పొద్దు గుంకకముందే హాలు వెలిగిపోయింది. క్రాంతికుమార్ గోడల వెంట ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు. ఎక్కడా అతుకు కనబడలేదు.

"పై రెండంతస్తులు గూడ నువ్వే చెయ్యి స్వరూపా."

శ్రీను ఖాళీ డబ్బా మీద దరువేశాడు. స్వరూప నవ్వు ఆపుకోలేక, రంగు చేతులతోనే మొహం కప్పుకుంది.

"అవునుగానీ, కనకయ్య ఏడి?" అన్నాడు క్రాంతికుమార్.

"ఏ కనకయ్య సార్?"

"పెద్దమనిషి, సైకిల్ మీద రాలేదా? నీ మిషన్ ఆగిందని, ఈ పని ఇగ నీకు బదులు చెయ్యమని చిక్కడపల్లి పోయి నేను చెప్పొచ్చిన పెయింటర్ ఆయనే."