ఆ ఎండలో ఏం పని?

"అబ్బాను ఇక్కడ్నించి కదిలించడానికి వీల్లేదు చాచా. పోస్టుమార్టం జరగాల్సిందే" అంటూ సాదియా స్ట్రెచరుకు అడ్డంగా నిలబడింది.

గురజాల ఆసుపత్రి వరండాలో ఉన్నవాళ్లంతా నోళ్లు తెరిచారు. తండ్రి పోయి పూటైనా కాలేదు. గుంటూరు బస్సు దిగి పరుగున వచ్చిన పిల్ల, ఏడ్చిన కళ్లయినా తుడుచుకోకుండా అన్న మాట అదీ. బాబాయి నదీంకు ఒళ్లు మండిపోయింది.

"ఏంది నువ్వు మాట్లాడేది? పొద్దుగూకే మగ్రిబ్ నమాజులోపు మట్టి చెయ్యాల. నీ చదువు కోసం మా అన్నను కోయిస్తావా?"

"చదువు కోసం కాదు చాచా. ఇట్లాగే తీసుకుపోతే గుండెపోటు అని రాసేస్తారు. రెంటచింతలలో ఎండకు పోయినోళ్లు ఎంతమంది లేరు? ఒక్కరన్నా కాగితంలోకి ఎక్కారా? ఎవరూ కోయనివ్వరు, అందుకే ఎవరూ లెక్కలోకి రారు. చావుల్లేని ఊరికి సర్కారు నీడెందుకు వేస్తది, నీళ్లెందుకు పెడతది?"

పీజీలో ఆ పిల్ల పట్టుకున్న ప్రాజెక్టే అది. సర్కారు దగ్గరున్న లెక్కనూ, ఇళ్లల్లో జరిగిన చావులనూ కంప్యూటరులో పక్కపక్కన పెట్టి చూపించాలి. ఎండాకాలం కూలి వేళలు మార్చమని పైవాళ్లకు చెప్పాలి. అందుకని సెలవుల్లో తమ ఊరు రెంటచింతలలో గడపగడపా ఎక్కి దిగి, ఎండకు ఎవరన్నా పోయారా అని అడిగి రాసుకుంది; కావాల్సినన్ని ఇళ్లు పూర్తికాకుండానే సెలవులు అయిపోయాయి. పోస్టుమార్టం చేయించలేదేమని అడిగితే ఎక్కడికి పోయినా "అయ్యో తల్లీ, మనిషిని కోయనిస్తామా?" అన్నవాళ్లే. ఇవాళ ఆ మాట సొంత మనుషుల నోటే వినాల్సి వచ్చింది.

సాదియా నాయనమ్మ వైపు తిరిగింది. అమీనా బీ కొడుకు కాళ్ల దగ్గర నేలమీద చతికిలబడి, దుప్పట్లోంచి బయటికి వచ్చిన అతని పాదాన్ని రెండు చేతుల్లో పెట్టుకుని ఉంది. ఆమె సరేనంటే నదీం ఇంక నోరెత్తడు. సరేనంటుందనే సాదియా ధీమా. ఆడపిల్లకు అంత చదువెందుకని చుట్టాలంతా మూతులు తిప్పుకున్నా, పట్టుబట్టి యూనివర్సిటీకి పంపింది ఆ దాదీయే మరి.

"దాదీ, నువ్వన్నా చెప్పు."

"వద్దు" అంది అమీనా బీ.

"దాదీ!"

"గుండె ఆగిపోయిందని రాయించు. ఇంటికి తీసుకుపోదాం."

"అబద్ధం కదా అది! ఒళ్లు పెనంలా కాలిపోతా ఉన్నిందని డాక్టరమ్మే చెప్పింది."

"కాలితే కాలింది. నిజాలన్నీ నీకెందుకే?"

సాదియా స్ట్రెచరు అంచు పట్టుకుంది. "మన అబ్బా కూడా లెక్కలో లేకుండా పోవాల్నా?" అంది.

అమీనా బీ మనవరాలి మొహం చూడలేదు. స్తంభానికి ఆనుకుని నిలబడ్డ బెంజిమిన్‌ను చూసింది. పడిపోయిన ఆమె కొడుకు మౌలాలీని తన ఆటోలో వేసుకుని ఆసుపత్రికి తెచ్చింది అతనే.

"నువ్వింకా పోలేదేందిరా? పో నాయనా, ఇంటికి పో. పెళ్లాం ఎదురు చూస్తా ఉంటది." అప్పటికి ఎన్నిసార్లు పొమ్మందో.

"మౌలాలీ బాబాయిని ఇల్లు చేర్చే పోతా పెద్దమ్మా" అన్నాడు అతను తల వంచుకుని.

అంతలో డాక్టరమ్మ ఫోన్ చేస్తే వీఆర్వో నరసింహారావు వచ్చాడు. తువ్వాలుతో మెడ తుడుచుకుని, సాదియా చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు.

"మంచి మాటేనమ్మా. కాకపోతే ఎండదెబ్బని తేల్చాలంటే పై ఆఫీసర్లు ఒప్పుకోవాల. వాళ్లు మొట్టమొదట అడిగేది ఒకటే. మీ నాయన మోటార్లకు వైండింగ్ చేసే మనిషి. ఫ్యాను కింద కూర్చుని చేసే పని. మిట్టమధ్యాహ్నం ఆ ఎండలో ఆయనకేం పని?"

సాదియా నాయనమ్మ పక్కన కూర్చుంది. "అబ్బా ఎక్కడికి పోయాడు దాదీ?" అంది.

"బీడీలకు."

"అన్న బీడీ మానేసి ఎన్నేళ్లయింది అమ్మీ!" అన్నాడు నదీం.

"అయితే మందులకేమో. నన్నడుగుతారేంది? కొడుకు పోయిన ముసలిదాన్ని పట్టుకుని పోలీసోళ్ల మాదిరి..." అంటూ కొంగు నోట్లో కుక్కుకుంది.

సాదియాకు తెలిసిపోయింది. దాదీ అబద్ధమాడుతోంది. దాచిపెట్టేంత పని అబ్బా ఏం చేసి ఉంటాడు?

వీఆర్వో బెంజిమిన్ వైపు తిరిగాడు. "ఏమయ్యా, తెచ్చింది నువ్వేగా. ఎక్కడ పడ్డాడు?"

"వాడికేం తెలియదు బాబూ!" అమీనా బీ దిగ్గున లేచి వచ్చి బెంజిమిన్ చొక్కా పట్టుకుంది. "చెప్పొద్దురా నాయనా. నీకు పుణ్యముంటది. పిల్ల బతకాల్సింది చానా ఉంది."

"నువ్వు చెప్పన్నా" అంది సాదియా, నాయనమ్మ వేళ్లను ఒక్కొక్కటే విడదీస్తూ. "మా అబ్బా ఏం చేసినా సరే. వింటా."

బెంజిమిన్ ఆమె వైపు చూడలేక వీఆర్వోతోనే చెప్పాడు.

"మా గడపలోనే పడ్డాడు సార్. నేను లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చేలోగా ఒరిగిపోయాడు. అంతకుముందు ఆయన అన్న మాట ఒకటే. 'పోయినేడు మీ నాయన పోయింది ఎండకేనా బెంజిమినూ? మా సాదియాకు ఇళ్లు చాల్లేదంట, మిగిలినయ్యి నేను అడిగి పెడతన్నా' అన్నాడు."