నాలుగు ఖాళీలు

“మళ్ళీ ట్యాబే కొట్టాడు!” అంటూ స్కేలు మాష్టారు కుర్చీ వెనక్కి తోశాడు.

అతను పాఠాలు చెప్పే మాష్టారేమీ కాదు, ప్రోగ్రామర్. ఆ బిరుదు ఆఫీసువాళ్ళు వెనకాల తగిలించింది.

ఫోన్ తెర మీద ఉన్నదాన్ని పైకి చదివి వినిపించే ఒక ప్రోగ్రాంకి అతనే పెద్ద దిక్కు. వంట చేసుకుంటూ, బస్సులో కునుకు తీస్తూ హాయిగా వినవచ్చని అతని ప్రచారం. దాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. తప్పు కనిపిస్తే ఎవరైనా సరిచేసి పంపవచ్చు. మాష్టారు ఔనంటేనే అది ప్రోగ్రాంలో చేరుతుంది.

“ఏం సరిచేశాడు సార్?” అంది పక్క సీట్లోని టెస్టర్ అమ్మాయి.

“అంకెల మధ్య చుక్కని మన ప్రోగ్రాం మింగేస్తోందట. రెండున్నరని ఇరవై ఐదు అని చదువుతోందట. మందుల చీటీలతో ప్రమాదమండీ అని హితబోధ కూడానూ.”

“నిజంగానే ప్రమాదం సార్. తీసుకుందాం.”

“ముందు పద్ధతి నేర్చుకోమను.”

పద్ధతి అంటే ఇదీ. ప్రోగ్రాంలో కొన్ని వరుసలను ఒకటి, రెండు, మూడు మెట్లు లోపలికి జరిపి రాస్తారు. మెట్టుకి ట్యాబ్ మీట ఒక్కసారి నొక్కినా జరుగుతుంది, స్పేస్ మీట నాలుగుసార్లు నొక్కినా జరుగుతుంది. తెర మీద రెండూ ఒకేలా ఉంటాయి. మాష్టారి రూలు మాత్రం నాలుగు ఖాళీలే.

“నేను ఒక్క బటన్‌తో మార్చేస్తాను సార్. క్షణం పని.”

“నువ్వు మార్చేస్తే అతనెప్పుడు నేర్చుకుంటాడు?”

తిప్పి పంపాడు.

పంపిన మనిషి అసలు పేరు ఎవరికీ తెలియదు. ‘వేలికొస’ అని సంతకం చేసేవాడు. మర్నాడు జవాబిచ్చాడు.

“ఖాళీలు నా వేళ్ళకి అడ్డమండీ. దయచేసి చుక్క సంగతి చూడండి.”

“వేళ్ళకి అడ్డమట! నాలుగుసార్లు నొక్కడానికి ఒళ్ళు బరువు,” అని మాష్టారు పడీపడీ నవ్వాడు.

వారం తర్వాత వేలికొస ఖాళీలతోనే పంపాడు. అరవై వరుసలు.

మాష్టారు వెతికి వెతికి పట్టుకున్నాడు.

“పందొమ్మిదో వరుసలో మూడే ఖాళీలున్నాయి. కళ్ళు పెట్టుకుని చూసి పంపండి.”

టెస్టర్ అమ్మాయికి ఒళ్ళు మండింది. అయినా నోరు మెదపలేదు. అలా ఊరుకున్న తప్పు ఆమెది.

“ఇక నా వల్ల కాదండీ,” అని వచ్చింది ఆఖరి జవాబు. “నా ఫోన్‌లో నేను సరిచేసుకున్నాను. మిగతావాళ్ళ కోసమే అడిగాను. ఏదైనా అర్థం కాకపోతే ఈ నంబరుకి చేయండి.”

ఎవరూ చేయలేదు.

రెండు నెలలకు కొత్త వెర్షన్ విడుదలైంది. వరుసలన్నీ ముత్యాల్లా ఉన్నాయి. చుక్కను మాత్రం మింగుతూనే ఉంది.

ఒక రోజు సభలో పదిమంది పెద్దల ముందు ఆ ప్రోగ్రాం మూడున్నర శాతాన్ని ముప్పై ఐదు శాతమని చదివి మాష్టారి పరువు తీసింది. అప్పుడు గుర్తొచ్చాడు వేలికొస.

“అతను పంపింది ఎక్కడుందో వెతుకు!”

అమ్మాయి వెతికి ఒక్క బటన్ నొక్కింది. పందొమ్మిదో వరుసలో నాలుగో ఖాళీ వచ్చి కూర్చుంది.

“ఒక థాంక్స్ అయినా చెబుదాం సార్,” అని నంబరు కలిపి స్పీకర్‌లో పెట్టింది.

అతని అక్క ఎత్తింది.

“తమ్ముడు లేడమ్మా. పోయి పద్దెనిమిది రోజులు.”

“అయ్యో! ఏమైందండీ?”

“వాడు సరిచేసుకున్నదాన్ని మీ కొత్త వెర్షన్ వాడికి తెలియకుండా వచ్చి తుడిచేసిందట. ఆసుపత్రిలో వాడే చెప్పాడు. గుండె మందు చీటీ ఫోన్‌కి వచ్చింది. రెండున్నర మిల్లీలీటర్లు. ఇరవై ఐదు అని చదివింది మీది. తాగేశాడు.”

అప్పటికీ మాష్టారి తప్పు పట్టే అలవాటు ఊరుకోలేదు.

“చీటీ ఫోన్‌లోనే ఉందిగదమ్మా... తాగేముందు ఒక్కసారి చూసుకోవాల్సింది.”

“కంప్యూటర్ ముందు బ్రెయిలీ చుక్కల పలక పెట్టుకుని వేళ్ళతో తడిమి చదివేవాడు నాయనా. గడికో అక్షరం చొప్పున దానికి ఇరవై గళ్ళే. మీ ఖాళీలకే సగం గళ్ళు పోతున్నాయని బాధపడేవాడు. చూపే ఉంటే, మీ ప్రోగ్రాంతో వాడికేం పని?”