గజంబద్ద

ఓరెస్ట్‌తో ముప్పై నాలుగేళ్లు కాపురం చేశాక లోర్నాకు తెలిసిందేమిటంటే, ఆ మనిషి పొరపాట్లు చేయడు. బంగాళాదుంప కూరిన పెరోగీలు మాడితే పొయ్యిది తప్పు. దారి తప్పితే రోడ్డు వేసినవాళ్లది. పెళ్లిరోజు మరిచిపోతే కేలండరుది.

అలాంటివాడు ఆరు వారాలుగా ప్రతి గురువారం గడ్డం గీసుకుంటున్నాడు. చర్చికి వేసుకునే చొక్కా తొడుక్కుంటున్నాడు. ఫ్రీజర్లోంచి డజను పెరోగీలు మాయమవుతున్నాయి. ఎక్కడికని అడిగితే "తెలిసినాయన ఉన్నాడులే, చూసొస్తా" అంటాడు. ట్రక్కు మీటరు చూస్తే రానూ పోనూ రెండు వందల ముప్పై కిలోమీటర్లు. వాళ్లుండే రెజైనా ఊరంతా రెండుసార్లు చుట్టినా అంత తిరగదు.

"మొగుడు పోయినావిడ ఎవరో ఉండుంటుంది," అంది పక్కింటి బెవ్, కాఫీ ఊదుకుంటూ. "అరవై దాటిన మగాడు వంట బాగా వచ్చినదాని దగ్గరికే పోతాడు."

"వంట నాదే పట్టుకెళ్తున్నాడు కదే."

"అయితే వంట రానిది. ఇంకా ప్రమాదం."

ఆ బుధవారం గరాజ్ తలుపు వెనక నుంచి ఓరెస్ట్ గొంతు వినబడింది. "చూడండి... ఇన్నేళ్లూ చెప్పలేదు గానీ..." అని ఆగిపోయాడు. మళ్లీ మొదటి నుంచి. "ఇన్నేళ్లూ చెప్పలేదు గానీ..." పెళ్లాన్ని వదిలేసే మగాడు చెప్పుకునే సంజాయిషీకి మొదటి వాక్యం ఇలాగే ఉంటుందని లోర్నాకు తోచింది. "చూడండి" ఏమిటో, వకీలు రాసిచ్చాడేమో.

తలుపు తోసింది. నూట ముప్పై కిలోల మనిషి గరాజ్ మధ్యలో నిలబడి ఉన్నాడు. కాళ్ల ముందు ఆమె బట్టలు కొలిచే గజంబద్ద.

"అదెందుకు తీశావు?"

"కొలుస్తున్నా."

"ఏం కొలుస్తున్నావు?"

"దూరం," అని బద్ద చంకలో పెట్టుకుని పోయాడు.

"ఆవిడింట్లో కర్టెన్లు వేయిస్తున్నాడన్నమాట," అంది బెవ్, సంగతి విని.

లోర్నా నవ్వలేదు. ఆ ఇంట్లో గజం అంటే ఒక్కటే గజం. చేతుల్తో బంతి పట్టుకుని ఒకళ్లనొకళ్లు పడగొట్టుకునే కెనడా ఫుట్‌బాల్‌లో పన్నెండు సీజన్లు ఓరెస్ట్ డిఫెన్స్ లైన్లో ఆడాడు. రెండు మోకాళ్లూ, నాలుగు వేళ్లూ, ఒక ముక్కూ ఆటకిచ్చాడు. ముప్పై ఒక్క ఏళ్ల కిందట ఆయన చివరి ఆట ఫైనల్. ఆఖరి నిమిషంలో ఎదుటి జట్టులో బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ని మంచులోకి పడగొట్టాడు. కప్పు మనదేనని ఊరంతా లేచి నిలబడింది. అప్పుడు పడింది తప్పు పట్టే నారింజ జెండా. బంతి కదిలేదాకా దానికి గజం దూరంలో ఉండాల్సినవాడు గజం లోపలికొచ్చి నిలబడ్డాడన్నాడు రిఫరీ గార్నెట్ ఫైఫ్. టీవీలో చూద్దామంటే కెమెరాకు ఎవడిదో వీపు అడ్డం. అవతలివాళ్లకు ఇంకో అవకాశం దక్కింది, కప్పు పోయింది.

"నేను లోపలికి రాలేదు," అన్నాడు ఓరెస్ట్. ప్రావిన్స్ అంతా నమ్మింది. ఆ మాట మీద ఇవాళ్టికీ ఆయనకు కాఫీ ఎవరో ఒకరు ఇప్పిస్తూనే ఉన్నారు. ఫైఫ్ కూడా ఇక్కడివాడే కావడం వల్ల కోపం రెట్టింపైంది. ఆయన ఇంటి ముందు పోస్టుపెట్టె విరగ్గొట్టారు. ఆయన హార్డ్‌వేర్ కొట్లో మేకు కొన్నవాడు లేడు. కొట్టు మూసేసి ఎటో వెళ్లిపోయాడు. లోర్నా కూడా ఆయనకు మూడు పేజీల ఉత్తరం రాసింది. పోస్టు చేసే ముందు మూడో పేజీని బెవ్‌కి చదివి వినిపించింది కూడా.

మర్నాడు గజంబద్ద కూడా ట్రక్కెక్కింది. లోర్నా బెవ్ కారు అడిగి తీసుకుంది.

"నేనూ వస్తా," అంది బెవ్.

"ఇది మ్యాచ్ కాదు, బెవ్."

ట్రక్కు వేబర్న్ అనే ఊళ్లో ఒక వృద్ధుల హోమ్ ముందు ఆగింది. లోర్నా పావుగంట కార్లోనే కూర్చుని, గుండె చిక్కబట్టుకుని లోపలికి వెళ్లింది.

"కొండంత మనిషి ఒకాయన..."

"పెరోగీలాయనా? పన్నెండో గది," అంది బల్ల దగ్గరి నర్సు. "పాపం, ఏదో చెప్పాలనే వస్తారు. వానల గురించీ గోధుమల గురించీ మాట్లాడి వెళ్లిపోతారు. ఇక ఎక్కువ వారాలు మిగల్లేదని నేనే చెప్పాను ఆయనకి."

"ఆ గదిలో... ఆవిడ పేరేమిటి?"

"ఆవిడెవరండీ? ఫైఫ్ గారు కదా."

లోర్నాకు ప్రాణం లేచి వచ్చింది. మరుక్షణం ఆ సంతోషం ఆవిరైంది. గడ్డం, చొక్కా, గజంబద్ద, అన్నీ ఇప్పుడు అర్థమయ్యాయి. ముప్పై ఒక్క ఏళ్ల కక్ష. పోయే ప్రాణం దగ్గర ఒప్పుకోలు పిండడానికి వచ్చాడు.

గబగబా నడిచింది. తలుపు ఓరగా తెరిచి ఉంది. మంచం మీద ఎముకల గూడులాంటి మనిషి. చూపు పోయినట్టుంది, ఒళ్లో ఉన్న గజంబద్దను వేళ్లతో తడుముతున్నాడు. ఓరెస్ట్ ఆయన మీదికి వంగి ఉన్నాడు.

"అంతమంది అన్నారంటే నేనే సరిగ్గా చూడలేదేమో, ఓరెస్ట్," అంటున్నాడు ముసలాయన. "కళ్లు పోయినా ఆ ఆట ఒక్కటీ కనబడుతూనే ఉంది. పోనీ, నాదే పొరపాటనుకుంటాను. నీకు మనశ్శాంతి."

తలుపు తోయబోయిన లోర్నా చెయ్యి ఆగింది. ఇన్నేళ్లుగా తను కూడా వినాలనుకున్న మాటే అది.

ఓరెస్ట్ ఆ ముసలి వేలు పట్టుకుని, బద్ద చివరి నుంచి జానెడు లోపలికి జరిపాడు.

"ఆ రోజు నా కాలు ఇక్కడుంది ఫైఫ్ గారూ, తప్పు నాదే."