పడవ ఆట రీమిక్స్

“ఇంకా పెంచుతావేంటయ్యా? గోడకున్న మేకులు ఊడిపడతాయి,” అన్నారు మాస్టారు, చిప్ చేతిని మీటల మీంచి పక్కకి నెడుతూ.

మాస్టారు ముప్ఫై ఏళ్లుగా పాటలకి మిక్సింగ్ చేస్తున్నారు. చెక్క నేల పరిచిన ఆ ఇరుకు స్టూడియో ఆయన సొంతం. చిప్ పగలు కళ్లద్దాల షాపులో అద్దాలు అరగదీస్తాడు. ఖాళీ దొరికితే చాలు, పాత వీడియో గేముల సంగీతం పట్టుకుని వేలాడతాడు. ఆ గేముల్లో చిన్న చిప్ మోగించే కీచు స్వరాలంటే అతనికి ప్రాణం, అందుకే ఆ పేరు. మాస్టారికి ఒళ్లు మండినప్పుడు అది ‘చిప్ప’ అవుతుంది.

ఇప్పుడు చేస్తున్నది ‘పడవ ఆట’ రీమిక్స్. పాతికేళ్ల కిందటి గేము. బుల్లి పడవ ఒకటి సుడిగుండాలు తప్పించుకుంటూ ఏరు దాటాలి. దాని పాటకి చిప్ కొత్త ఎలక్ట్రానిక్ దరువులు కట్టాడు. ఆ గేము అభిమానులంతా కలిసి ఒక ఆల్బమ్ తెస్తున్నారు. అందులో చేరాలంటే సాయంత్రం ఆరులోపల పంపాలి.

“అందమంతా పైనున్న ట్యూన్‌లో ఉంది. నువ్వు దాన్ని అడుగున దద్దరిల్లే బేస్ కింద పాతిపెట్టేశావు. తగ్గించకపోతే తీసుకోబోమని ఆల్బమ్ వాళ్లు రెండుసార్లు రాశారుగా?”

“రాశారు మాస్టారూ.”

“మరి?”

“అక్క రానివ్వండి. అక్క సరేనంటే పంపుదాం.”

“మీ అక్కకి సంగీతం వచ్చా?”

“రాదు. ప్రెస్సులో పుస్తకాలు బైండింగ్ చేస్తుంది.”

మాస్టారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆయనకి తిక్క రేగిందంటే చేసే మొదటి పని అదే.

“చిప్పా, నా ముప్ఫై ఏళ్ల పనికి బైండింగావిడ తీర్పు చెప్పాలా?”

చిప్ తల వంచుకునే చెప్పాడు.

“ఈ గేము నాకు నేర్పింది అక్కే. నేనాడుతుంటే టీవీ పెట్టె మీద చెయ్యేసి కూచునేది. సుడిగుండం రాబోతుంటే ముందే నా వీపు తట్టేది. ఒక్కసారి కూడా తప్పలేదు. ఓవర్‌టైం చేసి నాకు మొదటి కీబోర్డు కొనిపెట్టిందీ తనే.”

“మంచిదేగా.”

“మూడేళ్ల కిందట నా మొదటి ప్రోగ్రాం. కొత్త బట్టలేసుకుని తయారైంది. నేను గుమ్మంలో ఆపేశాను. నువ్వక్కడికొచ్చి ఏం చేస్తావు అన్నాను. ఫ్రెండ్స్ ముందు నామోషీ అనిపించింది.”

మాస్టారు మీటల మీంచి చెయ్యి తీసేశారు. “ఆవిడేమంది?”

“లోపలికెళ్లి బట్టలు మార్చుకుంది. ఆ వారంలోనే ప్రెస్సు పక్కన గది చూసుకుని వెళ్లిపోయింది.”

“ఫోన్ చేసి, తప్పయిపోయిందని ఒక్క మాట అనలేకపోయావా?”

“మా మధ్య ఫోన్లు లేవు మాస్టారూ. మెసేజీలే. పది పెడితే ఒకదానికి జవాబొస్తుంది. ఇవాళ నాలుగింటికి వస్తానంది. ఇది కూడా చెడగొట్టుకున్నానంటే ఇంక నా మొహం చూడదు.”

మాస్టారి గొంతు కాస్త దిగింది. “పోనీ, ఆవిడకి ఇది వినిపించు. ఆల్బమ్‌కి బేస్ తగ్గించి ఇంకోటి పంపుదాం.”

“వద్దండి. తనని వేరుగా చూసినందుకే ఇంతవరకూ వచ్చింది. అందరికీ వెళ్లేదే అక్కకీ.”

మూడున్నర నుంచే చిప్ కిటికీ దగ్గర కాపలా కాశాడు. నాలుగవుతుండగా పరుగున వెళ్లి తలుపు తీశాడు. నలభై ఏళ్లావిడ లోపలికి వచ్చింది. వేళ్ల చివర ఎండిపోయిన జిగురు. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. చిప్ చేతులు రెండూ పైకి లేచి, సగంలోనే కిందికి జారిపోయాయి. దండం పెట్టబోయి మానుకున్నాడనుకున్నారు మాస్టారు.

“రామ్మా, కూచో,” అన్నారు వెనక నుంచి.

ఆవిడ తిరిగి కూడా చూడలేదు. కోపం ఇంకా చల్లారలేదన్నమాట. మాస్టారు మంచి హెడ్‌ఫోన్స్ తీసి చేతికివ్వబోతే, చిన్నగా నవ్వి పక్కకి జరిపింది. కుర్చీలో కూచోలేదు. చెప్పులు విప్పి, పెద్ద స్పీకరు ముందు నేల మీద చతికిలబడింది. తమ్ముడికి తగ్గ అక్కే అనుకున్నారాయన.

చిప్ పాట పెట్టాడు. నేల అదిరింది, బల్ల మీది గ్లాసులో నీళ్లు చిందాయి. మాస్టారు చెవుల్లో వేళ్లు పెట్టుకున్నారు. ఆవిడ మాత్రం కదల్లేదు. అరచేతులు రెండూ నేలకి ఆనించి కళ్లు మూసుకుంది. సగం పాటకి ఆవిడ భుజాలు కదలడం మొదలైంది. చెంపల మీంచి కన్నీళ్లు కారి చేతుల మీద పడుతున్నా తుడుచుకోలేదు. మాస్టారు ఎంతోమంది పాట వినడం చూశారు గానీ, ఇలా ఎవరినీ చూడలేదు.

పాట అయిపోయింది. ఆవిడ తమ్ముడి చెయ్యి పట్టి కిందికి లాగింది. చిప్ అక్క ఒళ్లో తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. మూడేళ్ల బాధంతా అప్పుడు బయటికొచ్చింది. ఆవిడ అతని జుట్టు నిమురుతూ ఉండిపోయింది.

“ఇలాగే పంపెయ్యమంటావా?” అని అడిగారు మాస్టారు కాసేపటికి. “తీసుకోరు, ముందే చెబుతున్నా.”

“తీసుకోకపోతే పోనీండి.”

మాస్టారు ఒక్క మీట కూడా ముట్టుకోకుండా పాట పంపేశారు. అయినా ఆయనకి మనసులో ఒకటి మిగిలిపోయింది.

“అంతా బాగానే ఉంది గానీ, నీ పాట ఎలా ఉందో ఒక్క మాటైనా అనలేదేంటయ్యా మీ అక్క? ఇంకా కోపమేనా?”

చిప్ కళ్లు తుడుచుకుంటూ తలెత్తాడు.

“అక్కకి పుట్టుచెవుడు మాస్టారూ.”